తలుపు తట్టుతున్నది ఎవరు?

అండమాన్ శిక్షాస్థావరంలో వెనుకటి రోజులలో ఖైదీ మెడలో ఒక చెక్క బిళ్ల వ్రేలాడుతూ ఉండేది. అతని సంఖ్య, శిక్ష పడిన సెక్షను, తేదీ, విడుదల కావలసిన తేదీ దాని మీద ఉండేవి. అతనెవరో అతనిని అడుగనక్కరలేదు; బిళ్ల చూస్తే చాలు. నేడు అవే దీవులలో, కార్ నికోబార్‌లోనో క్యాంబెల్ బేలోనో కూర్చున్న ఉద్యోగి చెన్నైలోని తన సంస్థ కంప్యూటరును తెరువబోతే మళ్లీ అదే ప్రశ్న ఎదురవుతుంది: నీవెవరవు? ఈసారి చూడడానికి మెడ లేదు, బిళ్ల లేదు. సముద్ర గర్భం గుండా వచ్చిన కొన్ని అక్షరాలు మాత్రమే ఉన్నాయి.

ఆ అక్షరాలు సముద్ర గర్భం గుండా రావడం కూడ ఇటీవలి మాటే. చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తోను, మరి కొన్ని దీవులతోను కలిపే దాదాపు 2,300 కిలోమీటర్ల తంతి 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. (ఆ పట్టణం పేరు 2024లో శ్రీ విజయ పురంగా మారింది.) అంతకు ముందు ముఖ్యాధారం ఉపగ్రహమే. అది భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకి పోయి క్రిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిన తిరిగి రావడానికి అర సెకను పడుతుంది. అర సెకను ఏపాటి అనిపించవచ్చు. కాని లాగిన్ అనేది ఒక్క మాట కాదు, ఒక సంభాషణ. పలకరింపు, రహస్యలిపికి తాళపుచెవుల మార్పిడి, పేరు, పాస్‌వర్డు, ఆపైన మరో నిదర్శనం. ప్రతి మలుపులోనూ అర సెకను నిరీక్షణ. మధ్యలో ఏ మాట జారిపోయినా ఆలస్యం పెరిగి, కొన్నిసార్లు వ్యవహారం మళ్లీ మొదటికి వచ్చేది.

పాస్‌వర్డు చరిత్ర మాత్రం అంత గౌరవప్రదమైనది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం 1960ల ఆరంభంలో పలువురు పంచుకొనే కంప్యూటరు కోసం దానిని వాడుకలోకి తెచ్చింది. కొన్నేళ్లకే ఒక పొరపాటు జరిగింది. ఆనాటి స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా, లాగిన్ అయిన ప్రతివారి ఎదుట ప్రత్యక్షమైంది! పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచరాదనీ, వెనుకకు విప్పరాని సంకేతంగా మార్చి, అందులో యాదృచ్ఛిక సంఖ్య ఒకటి కలిపి దాచాలనీ రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్‌లు 1979లో వివరించారు. ఆ కలిపే సంఖ్యకు వారు పెట్టిన పేరు ‘ఉప్పు’. వంట తెలిసినవారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఎం.ఐ.టి.లోనే 1980లలో రూపొందిన కెర్బెరాస్ పద్ధతిలో పాస్‌వర్డు తంతి మీద ప్రయాణించనే ప్రయాణించదు. ఉద్యోగికి ఒక ‘టికెట్టు’ లభిస్తుంది. దాని మీద గడువు ఉంటుంది. ఖైదీ బిళ్లకూ గడువు తేదీ ఉండేది గదా! అయితే ఆ తేదీ వస్తే ఖైదీకి తలుపు తెరుచుకొనేది. ఈ తేదీ దాటితే ఉద్యోగికి తలుపు మూసుకొంటుంది.

దూరాన ఉన్నవారికి ఇప్పుడు పాస్‌వర్డు ఒక్కటే చాలదంటున్నారు. రెండవ నిదర్శనం కావాలి. ఫోనుకు వచ్చే అంకెల సందేశం నగరంలో సులభమే. సిగ్నల్ అందీ అందని దీవిలో ఆ సందేశం వచ్చేసరికి దాని గడువు తీరిపోవచ్చు. ఇక్కడ మెరుగైన ఉపాయం, 2011లో ప్రమాణంగా ప్రకటితమైన కాలాధారిత సంకేతం. ఒక రహస్యాన్ని ఫోనులోను, కార్యాలయపు కంప్యూటరులోను ముందే నాటుతారు. గడియారాన్ని బట్టి రెండూ సాధారణంగా 30 సెకన్లకొకసారి విడివిడిగా ఒకే ఆరంకెల సంఖ్యను లెక్క కట్టుతాయి. సిగ్నల్‌తో పనే లేదు. అండమాన్‌లో సూర్యుడు మనకంటే ముందు ఉదయించినా చిక్కు రాదు. లెక్క 1970 జనవరి 1 నుంచి గడచిన సెకన్లది. ఫోను గడియారం కొద్దిగా తప్పినా, ఒక మెట్టు ఇటూ అటూ అయితే కంప్యూటరు మన్నిస్తుంది.

మన్నించరానిది వేరొకటి ఉంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగువారు అనేకులున్న ఆ దీవులలో చిన్న కార్యాలయమంటే ఒక కుటుంబమే. “అన్నా, ఓడకు వేళయింది, నా పాస్‌వర్డు నీకు తెలుసు గదా, ఆ లెక్క కాస్త పంపించెయ్యి” అనడం ఆప్యాయతే. కాని రేపు ఆ లెక్కలో తేడా వస్తే, పంపినవాడెవడని ఏ యంత్రమూ చెప్పలేదు. పేరు ఉన్నవాడే దోషి.

ఫోను సముద్రంలో జారిపడితే? అందుకే ముందుగానే కొన్ని అత్యవసర సంకేతాలను కాగితం మీద వ్రాయించి బీరువాలో భద్రపరుస్తారు. బీరువా తాళం కూడ అతని వద్దనే ఉండి, అతను పొరుగు దీవిలో చిక్కుకొంటే, చివరకు చెన్నైలోని ఒక ఉద్యోగి టెలిఫోను చెవిన పెట్టుకొని, తాను ఎన్నడూ చూడని మనిషి గొంతు వింటూ నిర్ణయించవలసి వస్తుంది, అది అతనిదేనా అని.