తరువాత చదువుదామని...

గురుగ్రామ్ నుండి ఢిల్లీ వైపు సాగే మెట్రో రైలు కుతుబ్ మినార్ స్టేషను దాటిన పిమ్మట, సాకేత్ వద్ద భూగర్భంలో ప్రవేశిస్తుంది. సొరంగంలో ఫోను సంకేతాలు సన్నగిల్లడం కద్దు. అయినా, ఉద్యోగరీత్యా ఈ నగరం చేరిన తెలుగు పాఠకుడు తలెత్తకుండా చదువుకోగలడు. అతడు నిద్ర లేవకముందే ఆనాటి వ్యాసాలు ఫోనులో వచ్చి చేరి ఉంటాయి.

ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. అనేక వెబ్‌సైట్లు తమ కొత్త రచనల పేర్లు, తేదీలు, లంకెలు ఒక చిన్న పట్టికగా సిద్ధం చేసి ఉంచుతాయి. దీనినే ఫీడు అంటారు. 1999లో నెట్‌స్కేప్ సంస్థ ప్రవేశపెట్టిన ఆర్.ఎస్.ఎస్. ఇందుకు తొలి నమూనాలలో ఒకటి. పాఠకుని యంత్రం నియమిత వేళల్లో ఆ పట్టికను చూచి, లోగడ చూచిన దానితో పోల్చి, కొత్తగా చేరిన వాటిని మాత్రమే దాచి పెడుతుంది. పాఠకుడు చేయవలసినదల్లా ఏ పట్టికలు చూడాలో ఒక్కసారి చెప్పడమే.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు ఒకప్పుడు వందలాది తెలుగు బ్లాగుల ఫీడులను ఒకే పుటపై చేర్చి చూపాయి. ఊరికి దూరంగా ఉన్నవారికి అవి రచ్చబండలయ్యాయి. అంతకు పూర్వం, వారపత్రికల సీరియల్ పుటలను వారం వారం కత్తిరించి, చివరకు బైండు చేయించి బీరువాలో భద్రపరచిన గృహిణులు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. సాధనం మారింది, కోరిక ఒక్కటే.

కాని ఒక భేదం ఉంది. బైండు పుస్తకం ఇంట్లో ఉండేది. నేటి దాపరికం చాలాసార్లు పరాయి పంచన ఉంటుంది. 2005లో వెలువడిన గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతబడింది. 2007లో ‘రీడ్ ఇట్ లేటర్’ పేరిట పుట్టి, 2012లో పాకెట్‌గా మారిన సేవ 2025 జూలై 8న నిలిచిపోయింది. గడువులోగా తమ జాబితాలను దించుకోనివారు ఏళ్ల తరబడి కూడబెట్టినది కోల్పోయారు.

దించుకున్నవారికి సైతం పూర్తి ధీమా లేదు. జాబితాలో ఉన్నది లంకె, అంటే చిరునామా. చిరునామా రాసుకున్నంత మాత్రాన ఇల్లు నిలిచి ఉండదు. 2013లో ఉన్న వెబ్ పుటలలో 38 శాతం పదేళ్లకు అందకుండా పోయాయని అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం 2024లో వెల్లడించింది. తెలుగు బ్లాగులలో అచ్చుకు నోచుకోని రచనలెన్నో. పుట చెరిగిపోతే వాటికి మరొక ప్రతి ఉండదు.

కనుక మెలకువ గల పాఠకుడు లంకెతోపాటు వ్యాస పాఠాన్ని కూడా దాచే ఏర్పాటు చేసుకుంటాడు. వాలబాగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వరుపై నడుపుకొనవచ్చు. అంత శ్రమ పడలేనివారు నచ్చిన పుటను పి.డి.ఎఫ్.గా మార్చి భద్రపరచుకొనవచ్చు. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఆ పుట చిరునామా అందిస్తే, పదిమందికీ పనికివచ్చే ప్రతి ఒకటి సాధారణంగా అక్కడ నిలుస్తుంది.

ఇక రెండవ చిక్కు యంత్రానిది కాదు, మనిషిది. అలసట ఎరుగని సేవకుడు రోజుకు ఇరవై వ్యాసాలు తెచ్చి పోస్తాడు. యజమాని చదివేది రెండు. నెల తిరిగేసరికి ఐదువందలకు పైగా పేరుకుపోతాయి. దాచడమే చదవడమన్న భ్రమ కలుగుతుంది. ఆ గుట్టను చూచి చదువుపైనే విముఖత ఏర్పడుతుంది. దీనికి విరుగుడు సులభమే: ఫీడులను వేళ్లపై లెక్కించదగినన్నింటికి పరిమితం చేయడం, నెల దాటినా తెరవని వాటిని నిస్సంకోచంగా తొలగించడం, చదివి మెచ్చిన వాటినే శాశ్వతంగా ఉంచుకోవడం.

సీరియల్ కత్తిరించిన ఆ గృహిణులు చేసినదీ ఇదే. వారు పత్రిక మొత్తాన్నీ దాచలేదు. చదివి, మనసుకు పట్టిన పుటలనే దాచారు. అందుకే ఆ బైండు పుస్తకాలను మనుమలు సైతం తెరచి చదివారు.