చెట్ల సందుల్లో మంచు జారుడు

ఈ నెల గోడపత్రికలో రాసే వంతు నాకు వచ్చింది. గుల్మార్గ్ గురించి రాస్తున్నాను. అది కాశ్మీరులో బారాముల్లా జిల్లాలో వుంది. ఎత్తు సుమారు 2,650 మీటర్లు. చలికాలంలో మంచు మీద జారడానికి అక్కడికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఆ ఆట పేరు స్కీయింగ్. బోడి వాలు మీద జారేది ఒక రకం, అడవిలో చెట్ల సందుల్లోంచి జారేది ఇంకో రకం. నేను చెప్పేది రెండోది. మా సైన్సు మేడం ఫోనులో చూపించారు, మిగతాది లైబ్రరీ పుస్తకాల్లో చదివాను. ఇది మనకెందుకే అని మా గదిలో అడిగారు. మాలావత్ పూర్ణక్క మనలాగే గురుకులంలో చదువుతూ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది కదా, మంచు సంగతి మనకెందుకు కాదు?

ముందు మంచు అంటే ఏమిటో చెప్పాలి. తెలుగులో అన్నిటికీ ఒకటే మాట. డిసెంబరు పొద్దున లంబసింగిలో దారి కనపడకుండా కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, ఐసుగడ్డా మంచే. గుల్మార్గ్‌లో పడేది వేరు. ఏకిన దూదిలాగ ఆకాశం నుంచి రాలుతుంది. ఒక్క రాత్రిలో మోకాలి లోతు పడొచ్చు. అడుగేస్తే కూరుకుపోతాం. అందుకని కాళ్లకు పొడవాటి పలకలు రెండు బిగించుకుంటారు. బరువు పలకంతా పరుచుకుంటుంది కాబట్టి అంత లోతుకు దిగబడరు. ఎనిమిదో తరగతిలో చదివిన పీడనం పాఠమే ఇది. వానాకాలంలో మనం జీలుగు మట్ట మీద కూర్చుని వాలులో జారతాం చూడండి, అలాంటిదే, కాకపోతే వీళ్లు నిలబడి జారతారు.

పొద్దున లేవగానే ముందు మంచు కబురు కనుక్కుంటారు. ఈ రోజు ఎక్కడ మంచు విరిగి పడేట్టుందో అక్కడి కాపలా బృందం చెబుతుంది. తర్వాత తీగ మీద వేలాడే పెట్టెల్లో కూర్చుని పైకి పోతారు. దాన్ని గొండోలా అంటారు. మొదటి మజిలీ కొంగ్‌డూరి, అక్కడిదాకా 1998లో వేశారు. రెండోది అఫర్వత్ కొండ మీదకు, 2005లో వేశారు. అది సుమారు 3,980 మీటర్ల దాకా పోతుంది. అంత పైన చెట్లుండవు. కాస్త కిందకు దిగితే భూర్జ చెట్లు వస్తాయి. పూర్వం కాశ్మీరులో వీటి బెరడు మీదే పుస్తకాలు రాసేవారు. ఇంకా కిందకొస్తే ఫర్, పైన్ చెట్ల అడవి.

మరి అంత పెద్ద కొండ వుండగా చెట్లలోకి ఎందుకు దూరడం? కారణం వుంది. మంచు కురిసే రోజు పైన ఆకాశమూ తెలుపే, నేలా తెలుపే. ఎక్కడ గుంటో ఎక్కడ మిట్టో తెలీదు. అడవిలోనయితే నల్లటి మానులు కనపడతాయి, వాటిని బట్టి వాలు తెలుస్తుంది. ఇంకోటి, చెట్ల నీడలో ఎండా గాలీ తక్కువ, మంచు చాలా రోజులు మెత్తగా వుంటుంది.

జారేటప్పుడు చెట్టు వంక చూడకూడదట, చెట్ల మధ్య ఖాళీనే చూడాలట. మా తమ్ముడు సైకిలు నేర్చుకునేటప్పుడు రాయిని చూస్తూ చూస్తూ సరిగ్గా దానిమీదకే పోయాడు. ఇదీ అంతే. చేతికర్రల పట్టీలు కూడా మణికట్టుకు తగిలించుకోరు. కర్ర కొమ్మకు చిక్కితే భుజం ఊడి వస్తుంది. తలకు హెల్మెట్టు తప్పదు. అమెరికాలో సానీ బోనో అని పాటలు పాడి పేరు తెచ్చుకుని తర్వాత వాళ్ల పార్లమెంటుకు ఎన్నికైన ఆయన, 1998 జనవరిలో జారుతూ చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు.

గుద్దుకోవడం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది చెట్టు మొదట్లో గుంట. ఫర్ చెట్టు కింది కొమ్మలు గొడుగులా వుంటాయి. వాటి కింద మంచు గట్టిపడదు. మాను చుట్టూ గుల్లగా గొయ్యి ఏర్పడుతుంది, పైకి మామూలుగానే కనపడుతుంది. దగ్గరగా పోయినవాడు తలకిందులుగా అందులో పడతాడు. కాళ్లకు పలకలుంటాయి కదా, తిరగలేడు. తన్నుకుంటే కొమ్మల మీది మంచు కూడా మీద పడి ముక్కూ నోరూ మూసుకుపోతాయి. మనుషుల్ని కావాలనే అలాంటి గుంటల్లో దింపి, పక్కన కాపలా వుండి పరీక్ష చేశారట. పదిమందిలో తొమ్మిదిమంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. ఊపిరాడకపోతే పావుగంట కూడా పట్టదు, సాయం అంతలోపే రావాలి.

అందుకే ఒంటరిగా పోకూడదు. జత వుండాలి, జతవాడు కంటికి కనపడుతూ వుండాలి. కనపడకపోతే కూత వేయాలి. బదులు రాకపోతే వెంటనే వెతకాలి. మనం కట్టెలకూ అడ్డాకులకూ పోయినప్పుడు కూతేసుకుంటాం కదా, ఇది చదివినప్పుడు నాకు అదే తట్టింది. పడిపోతున్నామని తెలియగానే కొమ్మనో మానునో పట్టుకుని తల పైకి వుండేలా చూసుకోవాలి. పూర్తిగా పడిపోతే తన్నుకోకుండా మొహం ముందు చేత్తో కొంచెం ఖాళీ చేసుకోవాలి. కాపాడేవాళ్లు కాళ్లు పట్టి లాగకూడదు. తల ఎక్కడుందో అంచనా కట్టి పక్క నుంచి తవ్వాలి.

చెట్లుంటే మంచు విరిగి పడదనేది కూడా నిజం కాదు. మనిషి జారేంత సందుంటే మంచూ జారుతుంది. ఎలుగు గీరిన మానును మన పెద్దవాళ్లు గుర్తుపట్టినట్టే అక్కడి వాళ్లూ చెట్టును చదువుతారు. ఎగువ వైపు కొమ్మలన్నీ విరిగి దిగువ వైపు మాత్రమే మిగిలితే, ఆ దారిన మంచు వచ్చిపోయిందని అర్థం. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచు విరిగి పడి పోలండు దేశం వాళ్లు ఇద్దరు చనిపోయారు. అందుకని ప్రతివాళ్ల దగ్గరా పార, పొడవాటి గుచ్చుకర్ర, రేడియో సంకేతం పంపే చిన్న యంత్రం వుండాలి. మంచు కింద పడిన మనిషిని ఆ యంత్రమే పట్టిస్తుంది.

సాయంత్రం కొందరు అడవిలోంచి జారుకుంటూ బాబా రేషి దర్గా దాకా దిగిపోతారు. అక్కడి నుంచి జీపులో మళ్లీ పైకి. దారి చూపించేది చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. జారడం రాని యాత్రికుల్ని చెక్కబండి మీద కూర్చోబెట్టి తాడుతో లాగేదీ వాళ్లే. డబ్బిచ్చి కొండ ఎక్కి ఆడుకునేవాళ్లు వేరు, లాగేవాళ్లు వేరు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్‌లో మంచే పడలేదు, గడ్డి బయటికి కనపడింది. మంచు లేకపోతే వాళ్లకు ఆ సీజను కూలి లేదు.

ఒకటి మరిచా. మెడలో ఈల కూడా కట్టుకుంటారు, గుంటలో పడితే ఊదడానికి. అది ప్లాస్టిక్‌దే వుండాలి, ఇనుపదయితే ఆ చలికి పెదవికి అంటుకుపోతుంది.