తొలి పిస్టల్‌... ఏది కొందాం?

అమ్మాయి రెండు నెలలుగా క్లబ్బు పిస్టల్‌తో షూటింగ్‌ సాధన చేస్తోంది. గురి కుదురుతోంది. ఇక సొంతది కొనిద్దామని అమ్మానాన్నలు బయల్దేరతారు. తికమక అక్కడే మొదలవుతుంది. స్ప్రింగా, పంపా, సిలిండరా? చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ధరలకు మాత్రం పొంతనే ఉండదు.

మన దగ్గర కొత్తవాళ్లు సాధారణంగా పది మీటర్ల ఎయిర్‌ పిస్టల్‌తోనే మొదలుపెడతారు. మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడికి 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ దూసుకెళుతుంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 20 జౌల్స్‌లోపు శక్తి ఉండే ఈ రకానికి లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాదీ ఈషా సింగ్‌ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌ సంగతి వేరు. అది పాయింట్‌ టూటూ తూటాలది, లైసెన్సు తప్పనిసరి. దాని గురించి తర్వాత ఆలోచించొచ్చు.

టార్గెట్‌ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. రూపాయి బిళ్లలో దాదాపు సగం! ట్రిగ్గర్‌ నొక్కేటప్పుడు చెయ్యి రవ్వంత కదిలినా గుండు పక్కకెళ్లిపోతుంది. చవకరకం స్ప్రింగ్‌ పిస్టల్‌తో చిక్కు ఇక్కడే. పెల్లెట్‌ గొట్టం దాటకముందే లోపలి పిస్టన్‌ ఎగిరి దూకి పిస్టల్‌ని కుదిపేస్తుంది. తప్పు తనదో పిస్టల్‌దో పిల్లలకు తెలియదు. సరదాకైతే సరే, పోటీల్లో దిగాలనుకుంటే ఆ డబ్బు దాచుకోవడమే మేలు.

ఇక సింగిల్‌ స్ట్రోక్‌ రకం. లీవర్‌ని ఒక్కసారి తెరిచి మూస్తే ఒక షాట్‌కి సరిపడా గాలి నిండుతుంది. కుదుపు ఉండదు, సిలిండర్‌ గొడవా లేదు. కానీ మ్యాచ్‌ అంటే 60 షాట్లు, వాటికి ముందు సరిచూసుకునేవి అదనం. ఓ రేంజ్‌లో నేనూ ఆ లీవర్‌ లాగి చూశాను. ఇరవైకే భుజం మొరాయించింది! పన్నెండేళ్ల పిల్లల మాట చెప్పాలా?

అందుకే పోటీల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ముందే గాలి నింపుకునే పీసీపీ రకం. సిలిండర్‌లో సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి ఉంటుంది. రెగ్యులేటర్‌ దాన్ని ప్రతి షాట్‌కీ సమానంగా పంచుతుంది. అంతకుముందు వాడిన కార్బన్‌ డయాక్సైడ్‌ పిస్టళ్లకు ఈ సుఖం లేదు. వేడి మారితే వాటి ఒత్తిడీ మారిపోయేది. మన ఎండలకు అదెలా కుదురుతుంది?

పీసీపీకి ఖర్చెక్కువని సెకండ్‌హ్యాండ్‌ది చూస్తున్నారా? తప్పులేదు. అయితే ముందు సిలిండర్‌ మీది తేదీ చూడండి. తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు. అది దాటితే కొత్త సిలిండర్‌ ఖర్చూ లెక్కలో వేసుకోవాల్సిందే. గాలి ఎక్కడ నింపిస్తారో కూడా క్లబ్బులో అడగండి. కంప్రెసర్‌ లేకపోతే చేతిపంపే దిక్కు.

మరమ్మతు సంగతీ తేలిక కాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌ అర్హత పోటీ మధ్యలో మను బాకర్‌ పిస్టల్‌ లీవర్‌ విరిగింది. బాగుచేయించేలోపు విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లు సాధించినా ఫైనల్‌ రెండు పాయింట్లతో చేజారింది. 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచేదాకా ఆ లీవర్‌ కథ ఆమెను వదల్లేదు. అందుకే మీ కోచ్‌ విప్పి బిగించగలిగే, విడిభాగాలు తేలిగ్గా దొరికే మోడల్‌నే ఎంచుకోండి.

కొనేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. చెక్క పిడి సైజుల్లో దొరుకుతుంది, ఎడమచేతివాళ్లకు వేరేది ఉంటుంది. కాస్త బిగుతైతే గరుకు కాగితంతో అరగదీసి సరిచేసుకోవచ్చు. వదులైతేనే కష్టం.