పట్టకారు నేర్పిన వ్యాకరణం

"అమ్మా, నాకు తెలుగు రాదు" అన్నాడు ఏడో తరగతి చదివే మా చిన్నవాడు, పరీక్ష పేపరు నా చేతిలో పెడుతూ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. పొద్దున లేచింది మొదలు తెలుగులోనే వాగుతూంటాడు. తీరా చూస్తే వ్యాకరణం దగ్గర మార్కులు లేవు. 'క్త్వార్థకం' నిర్వచనం గైడులో ఉన్నది ఉన్నట్టు దించాడు. ఉదాహరణ రాయమన్నచోట మాత్రం ఖాళీ వదిలేశాడు.

ట్యూషన్ పెట్టించమన్నారు ఇరుగుపొరుగు. నేను చదివింది ఇంటరే. అయినా మన భాషేగా, ఆమాత్రం నేను చెప్పలేనా అనిపించింది. మొదటిరోజు పుస్తకం ముందేసుకుని నిర్వచనాలతోనే మొదలుపెట్టాను. వాడు ఆవులించాడు. రెండోరోజు పుస్తకం మూసేసి, పుల్కాలు కాలుస్తూ ఒక కథ చెప్పాను. ప్రేమ్‌చంద్ రాసిన 'ఈద్గా' కథ. 1933లో అచ్చయింది. హిందీ పాఠాల్లో చాలామంది పిల్లలు చదివేదే.

హమీదుకి నాలుగైదేళ్లు. అమ్మా నాన్నా లేరు. నాయనమ్మ అమీనా పెంచుతోంది. రంజాన్ పండుగనాడు ఊరి పిల్లలతో కలిసి ఈద్గాకి బయల్దేరాడు. జేబులో మూడే మూడు పైసలు. తోటివాళ్లు రంగులరాట్నం ఎక్కారు, బొమ్మలు కొన్నారు, మిఠాయిలు తిన్నారు. వీడు చూస్తూ ఊరుకున్నాడు. ఇనుప సామాన్ల కొట్లో పట్టకారు కంటబడింది. రొట్టెలు చేసేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలడం గుర్తొచ్చింది. కొట్టువాడు ఆరు పైసలన్నాడు, తర్వాత అయిదన్నాడు. "మూడుకిస్తావా" అని అడిగి, తిడతాడేమోనని ముందుకు నడిచాడు హమీదు. కొట్టువాడు తిట్టలేదు, వెనక్కి పిలిచి ఇచ్చేశాడు. తిండీ తిప్పలూ మాని ఇదా తెచ్చావని మొదట కోప్పడింది నాయనమ్మ. కారణం వినేసరికి ఏడుస్తూ మనవణ్ణి దీవించింది.

మావాడు నా చేతిలోని పట్టకారు వంక చూస్తూ కాసేపు మాట్లాడలేదు. ఇదే అదను అనుకున్నాను.

కథకి నాలుగు మెట్లుంటాయని చెప్పాను: మొదలు, చిక్కు, మలుపు, ముగింపు. ఈ కథలో మలుపేదిరా అంటే, "నాయనమ్మ ఏడవడం" అన్నాడు. "ఆవిడ ఎందుకు ఏడ్చింది? దానికి ముందు ఎవరేం నిర్ణయం తీసుకున్నారు?" అని అడిగాను. ఆలోచించి, "కొట్టు దగ్గరమ్మా!" అన్నాడు. మలుపంటే ఏమిటో వాడికి అక్కడ తెలిసింది.

ఇప్పుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో వాక్యం రాయించాను.

మొదలు: "హమీదు పొద్దున్నే లేచి ఈద్గాకి వెళ్లాడు." ఒక పని అయ్యాక ఇంకో పని. ఆ 'లేచి' అన్నదే క్త్వార్థకం.

చిక్కు: "ఆశ పుట్టినా మిఠాయి కొనలేదు." జరగాల్సింది జరగలేదు. 'పుట్టినా' అన్నది అప్యర్థకం.

మలుపు: "పట్టకారు కొంటే నాయనమ్మ వేళ్లు కాలవు." ఇది జరిగితే అది జరుగుతుందనే షరతు. 'కొంటే' అన్నది చేదర్థకం.

ముగింపు: "నాయనమ్మ ఏడుస్తూ దీవించింది." రెండు పనులూ ఒకేసారి. 'ఏడుస్తూ' అన్నది శత్రర్థకం.

ఇవన్నీ అసమాపక క్రియలు. అంటే వాక్యాన్ని పూర్తి చేయకుండా తర్వాతి పనికి అందించేవి. వెళ్లాడు, కొనలేదు, దీవించింది లాంటివి వాక్యాన్ని ముగిస్తాయి గనక సమాపక క్రియలు. ఫలానా మెట్టుకి ఫలానా క్రియే రావాలని నియమమేం లేదు. ఏది ఎక్కడైనా రావచ్చు. గుర్తుండడానికి నేను అలా జత చేశాను, అంతే.

తర్వాత మూడో వాక్యం మీద నా బొటనవేలు పెట్టి, మిగతావి చదవమన్నాను. "అదేమిటమ్మా, నాయనమ్మ ఎందుకు ఏడ్చిందో తెలియడం లేదు" అన్నాడు. ఒక్క 'తే' మీద కథంతా నిలబడిందని నేను చెప్పకుండానే వాడికి తెలిసిపోయింది.

మీరూ చేసి చూడండి. రోజుకి పావుగంట చాలు. మొదటిరోజు కథ చెప్పండి, పేర్లూ నిర్వచనాలూ ఎత్తొద్దు. రెండోరోజు నాలుగు మెట్లూ పిల్లల చేతే చెప్పించండి. తప్పు చెబితే సరిదిద్దకండి, "దానికి ముందేం జరిగింది?" అని అడగండి. మూడోరోజు వాక్యాలు రాయించి, క్రియల కింద గీతలు గీయించండి. పేర్లు అప్పుడు చెప్పండి. మన వంటింటి మాటతో అయితే ఇట్టే పట్టుబడుతుంది: వండి, వండుతూ, వండితే, వండినా. నాలుగోరోజు సొంత కథ రాయమనండి.

మావాడు రాసిన కథలో మొదటి వాక్యం ఇది: "జ్వరం వచ్చినా అమ్మ వంట చేసింది." అప్యర్థకం కింద గీత కూడా గీశాడు. గీత సరిగ్గానే ఉంది. నాకే ఆ వాక్యం దగ్గర గొంతు పట్టేసింది. నెలక్రితం సంగతి అది. వాడు చూడలేదనుకున్నాను.

"ఇందులో చిక్కు ఉంది, మలుపు లేదు కదరా" అన్నాను. పెన్సిలు కొరుకుతూ కాసేపు ఆలోచించి, కింద ఇంకో వాక్యం చేర్చాడు.

"ఈసారి జ్వరం వస్తే కంచాలు నేను కడుగుతాను."