పాత కంప్యూటర్ చాలు.. దూలపల్లి నుంచే తెలుగు, ఉర్దూలో సొంత ఆన్‌లైన్ రేడియో

దూలపల్లి, మేడ్చల్: కొంపల్లిని ఆనుకుని ఉన్న దూలపల్లి అంటే చాలామందికి అటవీ అకాడమీ, ఇంజనీరింగ్ కాలేజీలు గుర్తొస్తాయి. పాత ఊరు, కొత్త కాలనీలు, జిల్లాల నుంచి చదువుకోడానికి వచ్చిన విద్యార్థులు.. అందరూ పక్కపక్కనే ఉంటారు. తెలుగు, ఉర్దూ రెండూ వినిపిస్తాయి. రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తిస్తూ 2017 నవంబర్‌లో శాసనసభ బిల్లును ఆమోదించింది కూడా.

అయినా కాలనీ సమావేశం గానీ, వైద్య శిబిరంలో డాక్టర్ చెప్పే మాటలు గానీ సాధారణంగా ఒకే భాషలో సాగిపోతాయి. రెండో భాష వాళ్లు సగం అర్థం చేసుకుని ఇంటికెళ్తారు. మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేని పెద్దలు, పసిపిల్లల తల్లులు, గల్ఫ్‌లో పనిచేసే కొడుకులు అసలు వినే వీలే ఉండదు.

ఈ లోటు తీర్చడానికి లక్షలు ఖర్చుపెట్టక్కర్లేదు. మూలన పడేసిన పాత కంప్యూటర్, లినక్స్, ఐస్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు.

ఎఫ్‌ఎం వేరు, ఇది వేరు

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఆ తర్వాత వచ్చిన కమ్యూనిటీ రేడియో విధానం వల్లే జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్ కూడా అలా వచ్చిందే.

కానీ ఎఫ్‌ఎం స్టేషన్ పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి, ఫ్రీక్వెన్సీ, ట్రాన్స్‌మిటర్, టవర్ కావాలి. అనుమతి లేకుండా చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టినా నేరమే. ఐస్‌కాస్ట్ అలా కాదు. గొంతును ఇంటర్నెట్ ద్వారా పంపిస్తుంది. గాలి తరంగాలను వాడదు కాబట్టి ఫ్రీక్వెన్సీ గొడవ ఉండదు.

మరి సోషల్ మీడియాలో లైవ్ పెడితే సరిపోదా? పెట్టొచ్చు. కానీ వీడియో లైవ్ గంటసేపు చూస్తే వందల ఎంబీల డేటా పోతుంది. ఎప్పుడు ఆపాలో, ఏ ప్రకటన చూపించాలో ఆ కంపెనీదే ఇష్టం. సొంత సర్వర్‌లో ఆ పెత్తనం ఉండదు.

మూడు పాత్రలు

ఈ ఏర్పాటును పాల సరఫరాతో పోల్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పాలు పోసేవాళ్లు, పాల కేంద్రం, కొనుక్కునేవాళ్లు అన్నట్టు ఇందులోనూ మూడు పాత్రలున్నాయి.

మొదటిది సోర్స్. మైకులోని గొంతును తీసుకుని, కుదించి, సర్వర్‌కు పంపే ప్రోగ్రామ్. ఇందుకు కొత్తవాళ్లకు తేలికైనది బట్. బ్రాడ్‌కాస్ట్ యూజింగ్ దిస్ టూల్ అనే పేరుకు పొట్టి రూపం అది. లినక్స్‌తో పాటు విండోస్‌లో, మ్యాక్‌లో కూడా నడుస్తుంది.

రెండోది సర్వర్. అదే ఐస్‌కాస్ట్. వచ్చిన ఒక్క ధారను ఎంతమంది అడిగితే అంతమందికి పంచుతుంది. జాక్ మోఫిట్, బరత్ రాఘవన్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు జిఫ్ సంస్థ నీడలో ఉంది. జీపీఎల్ లైసెన్సు కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

మూడోది వినేవాళ్ల ఫోను. ప్రత్యేక యాప్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో లింక్ తెరిస్తే చాలు, వీఎల్‌సీలోనూ వినొచ్చు.

ఎలా పెట్టుకోవాలి

ముందుగా పాత కంప్యూటర్‌లో డెబియన్, ఉబుంటు లేదా లినక్స్ మింట్ వేసుకోవాలి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ జాబితాలో ఐస్‌కాస్ట్2 అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే కంప్యూటర్ పేరు, మూడు పాస్‌వర్డులు అడుగుతుంది. సోర్స్ పాస్‌వర్డ్ మైకు దగ్గర కూర్చునేవాళ్లకు, రిలే పాస్‌వర్డ్ వేరే సర్వర్‌కు, అడ్మిన్ పాస్‌వర్డ్ నిర్వాహకుడికి.

ఇక్కడే చాలామంది తొందరపడి ఎంటర్ నొక్కుకుంటూ పోతారు. అలా వదిలేస్తే పాస్‌వర్డ్ 'హ్యాక్‌మీ' అనే ఉండిపోతుంది. అది ప్రపంచమంతా తెలిసిన మాట. ఎవడో వచ్చి ఊరి రేడియోలో తన గోల పెట్టేస్తాడు. మూడింటికీ వేర్వేరు, పొడవాటి పాస్‌వర్డులు పెట్టాల్సిందే.

తర్వాత మార్చుకోవాలంటే ఈటీసీ ఫోల్డర్‌లో ఐస్‌కాస్ట్2 అనే చోట సెట్టింగుల ఫైల్ ఉంటుంది. ఒకేసారి 100 మంది వినొచ్చు, రెండు సోర్సులు రావొచ్చు అని మామూలుగా అందులో రాసి ఉంటుంది. మార్చి, సేవ్ చేశాక సర్వీసును రీస్టార్ట్ చేయాలి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, పోర్ట్ 8000 అని తెరిస్తే ఐస్‌కాస్ట్ పేజీ కనిపిస్తుంది. కనిపించిందంటే సగం పని అయిపోయినట్టే. ఫైర్‌వాల్ ఉంటే 8000 పోర్ట్ తెరవడం మరవద్దు.

ఇక బట్ తెరిచి సర్వర్ రకం ఐస్‌కాస్ట్ అని ఎంచుకోవాలి. చిరునామా, పోర్ట్, సోర్స్ పాస్‌వర్డ్, మౌంట్ పాయింట్ ఇవ్వాలి. మౌంట్ పాయింట్ అంటే రేడియోలో స్టేషన్ నంబరు లాంటిది. ఆడియో రకం ఎంపీ3, వేగం 64 కేబీపీఎస్, మోనో అని పెడితే మాటలకు బాగా సరిపోతుంది. ఆగ్ ఫార్మాట్ మంచిదే గానీ కొన్ని ఐఫోన్లలో మొరాయిస్తుంది. ఎంపీ3 దాదాపు అన్నిటా వినిపిస్తుంది. ప్లే బటన్ నొక్కితే ప్రసారం మొదలు. రికార్డ్ బటన్ కూడా నొక్కి ఉంచితే తర్వాత వినేవాళ్లకూ పనికొస్తుంది.

సభలోని మిక్సర్ నుంచి వైరు తెస్తుంటే కంప్యూటర్ మైక్ రంధ్రంలో నేరుగా గుచ్చకూడదు. సౌండ్ పగిలిపోతుంది. లైన్ ఇన్‌లోకి లేదా చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా ఇవ్వాలి.

ఒకే సర్వర్, రెండు భాషలు

ఐస్‌కాస్ట్‌లో అసలు ఉపయోగం ఇక్కడుంది. ఒకే సర్వర్ మీద తెలుగుకు ఒక మౌంట్ పాయింట్, ఉర్దూకు మరొకటి పెట్టుకోవచ్చు. వేదిక మీద మాట ఒక ల్యాప్‌టాప్ నుంచి తెలుగు లింక్‌కు వెళ్తుంది. పక్క గదిలో రెండు భాషలూ వచ్చినవాళ్లు ఒకరు కూర్చుని విని, ఉర్దూలో చెబుతుంటే ఇంకో ల్యాప్‌టాప్ నుంచి ఉర్దూ లింక్‌కు వెళ్తుంది. వినేవాళ్లు తమకు కావాల్సిన లింక్ నొక్కుకుంటారు.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఫోను ముందే కొంత ఆడియో నిల్వ చేసుకుంటుంది కాబట్టి ఇది తప్పదు. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకు ఇబ్బంది లేదు. అదే హాల్లో స్పీకర్లకు దీన్ని తగిలిస్తే మాట మీద మాట పడుతుంది. పలు గదుల్లో స్పీకర్లు ఒకేసారి మోగాలంటే స్నాప్‌కాస్ట్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

డేటా లెక్క

64 కేబీపీఎస్ ప్రసారాన్ని ఒకరు గంట వింటే సుమారు 29 ఎంబీ అవుతుంది. వినేవాళ్లకు ఇది పెద్ద భారం కాదు. కానీ సర్వర్ వైపు లెక్క వేరు. 100 మంది వింటే 6.4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగం ఆగకుండా కావాలి, గంటకు దాదాపు 2.9 జీబీ పోతుంది.

ఇంకో చిక్కుంది. చాలా ఇళ్ల కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. ఒకే ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతారు. ఇంట్లో అన్నీ సరిగ్గా పెట్టినా బయటివాళ్లకు లింక్ తెరుచుకోదు. తప్పు లినక్స్‌లో ఉందనుకుని రాత్రంతా కుస్తీ పట్టేవాళ్లున్నారు. కనెక్షన్ ఇచ్చినవాళ్లను స్టాటిక్ ఐపీ అడగడం ఒక దారి.

అంతకన్నా తేలికైన దారి, నెలవారీ అద్దెకు దొరికే చిన్న క్లౌడ్ సర్వర్‌లో ఐస్‌కాస్ట్ పెట్టడం. అప్పుడు దూలపల్లి నుంచి ఒక్కో భాషకు 64 కేబీపీఎస్ మాత్రమే పైకి వెళ్తుంది. పది మంది విన్నా వంద మంది విన్నా ఇక్కడి నెట్ మీద భారం మారదు. మొబైల్ హాట్‌స్పాట్‌తో కూడా నడుస్తుంది. పాత కంప్యూటర్ అప్పుడు మైకు దగ్గర పనికొస్తుంది.

జాగ్రత్తలు

సినిమా పాటలు పెడితే హక్కుదారుల లైసెన్సు కావాలి. సొంత మాటలు, సొంత పాటలతో ఆ సమస్య రాదు. క్రమం తప్పకుండా వార్తలు ఇవ్వాలనుకుంటే డిజిటల్ వార్తా సంస్థలకు 2021లో వచ్చిన ఐటీ నిబంధనలు చూసుకోవాలి.

ప్రసారమవుతోందని మాట్లాడేవాళ్లందరికీ ముందే చెప్పాలి. ముఖ్యంగా వైద్య శిబిరంలో రోగుల ప్రశ్నలు వచ్చినప్పుడు మైకు ఆపేయాలి. ఎవరి ఐపీ నుంచి ఎంతసేపు విన్నారో ఐస్‌కాస్ట్ లాగ్ ఫైల్‌లో రాసుకుంటుంది. వాటిని ఎవరికీ పంచకూడదు, పాతవి చెరిపేస్తుండాలి.

కరెంటు పోతే కంప్యూటర్ బతికినా రౌటర్ ఆగిపోతుంది. రౌటర్‌కూ చిన్న యూపీఎస్ ఉండాలి.

సాయం ఎవరు చేస్తారు?

దూలపల్లి, మైసమ్మగూడ వైపు ఇంజనీరింగ్ విద్యార్థులకు కొదవ లేదు. లినక్స్ తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు ఒక ఆదివారం కూర్చుంటే ఈ పని అయిపోతుంది. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం హైదరాబాద్‌లో పనిచేసే స్వేచ్ఛ సంస్థకు కూడా కాలేజీల్లో విద్యార్థి బృందాలున్నాయి.

మొదటి రోజే ఊరంతటికీ లింక్ పంపకుండా, ఇంట్లో వైఫై మీద రెండు ఫోన్లతో విని చూడటం మంచిది. గొంతు స్పష్టంగా వస్తే తర్వాత నాలుగు ఇళ్లకు, ఆ తర్వాత కాలనీకి. ఇక సాంకేతికంగా కష్టమేమీ మిగలదు. మిగిలేది ఒక్కటే: మీటింగ్ పెట్టిన ప్రతిసారీ రెండో భాషలో చెప్పడానికి ఒక మనిషిని కూర్చోబెట్టడం. ఆ పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు, కాలనీవాళ్లే చేసుకోవాలి.