మీకు ఆపరేషన్ అయితే మీ అన్నయ్య సంగతి ఎందుకు అడుగుతాం?

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక మత్తు డాక్టరు గారు వచ్చి కొన్ని ప్రశ్నలు వేస్తారు. బి.పి., షుగరు, మందులు పడకపోవడం వంటి సంగతులు అందరూ ఓపికగానే చెబుతారు. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తిరిగి రావడం ఆలస్యమైందా?" అని అడిగితే మాత్రం, "హెర్నియా నాకు కదండీ, మా అన్నయ్య సంగతి ఎందుకు?" అంటారు. ఆ ప్రశ్న వెనుక మన తెలుగువారికి దగ్గర సంబంధం ఉన్న ఒక పరిశోధన ఉంది. తిరువూరు చుట్టుపక్కల ప్రతి కుటుంబానికీ అది తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పది నిమిషాల మందు

పూర్తి మత్తు ఇచ్చి గొంతులో శ్వాసగొట్టం వేయాలంటే కండరాలు వదులు కావాలి. అందుకు వాడే మందుల్లో సక్సినైల్‌కోలిన్ ఒకటి. ఇది నిమిషంలోపే పనిచేస్తుంది, సుమారు పది నిమిషాల్లో ప్రభావం తగ్గిపోతుంది. అత్యవసర ఆపరేషన్లలో ఇది ఎంతో ఉపయోగం. ఈ మందును విరగ్గొట్టేది కాలేయంలో తయారై రక్తంలో తిరిగే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము.

కొద్దిమందికి పుట్టుకతోనే ఈ ఎంజైము దాదాపు ఉండదు. వారు అందరిలాగే తింటారు, పనిచేస్తారు, ఏ జబ్బూ కనిపించదు. ఈ మందు పడిన రోజునే సంగతి బయటపడుతుంది. పది నిమిషాల్లో రావలసిన ఊపిరి గంటల తరబడి రాదు. అప్పుడు వెంటిలేటరు మీద ఉంచి, మందు ప్రభావం పోయేదాకా మత్తులోనే ఉంచితే రోగి క్షేమంగా లేస్తారు. ఆ ఏర్పాటు లేని చోటైతే ప్రాణాపాయమే.

పరిశోధన ఏం చెప్పింది?

ప్రపంచంలో ఇది చాలా అరుదు. అయితే కోయంబత్తూరులోని వైశ్య సమాజానికి చెందిన 226 మందిని పరీక్షించగా 9 మందిలో ఈ లోపం కనబడిందని 2006లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఐరోపా, అమెరికా ప్రజలతో పోలిస్తే ఇది సుమారు 4,000 రెట్లు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ లోపాన్ని ప్రస్తావించింది.

దీనికి కారణం ఎవరి తప్పూ కాదు. ఎన్నో తరాల క్రితం కొద్దిమంది పూర్వీకులతో మొదలైన సమాజం తనలో తానే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వస్తే, ఆ పూర్వీకుల్లో ఒకరి జన్యు మార్పు ఎక్కువమందికి చేరుతుంది. ఇటువంటి ప్రత్యేకతలు వేర్వేరు సమాజాల్లో వేర్వేరుగా ఉంటాయి. ఈ లోపం కూడా ఏ కుటుంబంలోనైనా ఉండవచ్చు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు మారిన జన్యువులు కలిస్తేనే లోపం పూర్తిగా కనబడుతుంది. అందుకే అన్నకు ఉంటే తమ్ముడికి ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. మీ అన్నయ్య సంగతి మాకు కావలసింది ఇందుకే.

రైతు కుటుంబాలకు ఒక మాట

పత్తికి, మిరపకు కొట్టే కొన్ని పురుగుమందులు ఒంట్లోకి చేరినా ఇదే ఎంజైము తగ్గిపోతుంది. ఈమధ్య మందు పిచికారీ చేసి ఉంటే ఆపరేషన్‌కు ముందు తప్పక చెప్పండి. కాలేయ జబ్బు ఉన్నా చెప్పండి.

మీరు చేయవలసినవి

1. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత అనుకోకుండా వెంటిలేటరు అవసరమైతే, ఆ సంగతి దాచకండి.

2. అనుమానం ఉంటే రక్తపరీక్షతో ఎంజైము కొలవవచ్చు. లోపం ఉందని తేలితే ఆ మందు మాని రోక్యూరోనియం వంటి వేరే మందు వాడతారు. ఆపరేషన్ ఆపనక్కరలేదు.

3. లోపం ఉన్నవారు ఆ విషయం రాసిన చీటీ ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా పరీక్ష చేయించండి.

4. పాత డిశ్చార్జి కాగితాలు పారవేయకండి. విజయవాడకు వెళ్ళినా, ఖమ్మం వెళ్ళినా వెంట తీసుకెళ్ళండి.

ఆ 9 మంది రక్తం ఇచ్చి, తమ సంగతి రాసుకోనిచ్చారు కనుకనే ఈరోజు మనం ముందే జాగ్రత్తపడగలుగుతున్నాం. ఈసారి మత్తు డాక్టరు గారు మీ ఇంటివారి గురించి అడిగితే, దయచేసి విసుక్కోకుండా గుర్తుచేసుకుని చెప్పండి. మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవారిని అడిగి రండి, మేము ఆగుతాం.