రేసు కారులో రేడియేటరు అమరిక

రేసు కారులో రేడియేటరు అమరిక అనేది ఇంజనును చల్లబరచుటకు కావలసిన గాలిని, ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుటకు కావలసిన గాలిని సమన్వయపరచే రూపకల్పన సమస్య. ఈ రెండు అవసరాలకూ కారు ముందు భాగమే ఆధారం. అందుచేత ఒకదానికి మేలు చేసే మార్పు తరచుగా రెండవదానికి కీడు చేస్తుంది. గాలి ద్వారం చాలనిచో ఇంజను వేడెక్కి చెడిపోవచ్చును. మరీ పెద్దదైనచో గాలి నిరోధం పెరిగి, ముందు చక్రాల పట్టు తగ్గవచ్చును.

సమస్య స్వరూపం

వేగంగా పోయే కారు ముక్కు వద్ద గాలి పీడనం అధికం. గాలిని లోనికి తీసుకొనుటకు ఇది అనువైన చోటు. అయితే రేడియేటరు గుండా వచ్చిన గాలికి సరైన నిర్గమ మార్గం లేనిచో అది ఇంజను గదిలో పోగై, అక్కడి పీడనాన్ని పెంచి, ముందు భాగాన్ని పైకి లేపుతుంది. అప్పుడు మలుపులలో ముందు టైర్లు జారి, స్టీరింగు తిప్పినంతగా కారు తిరగదు. దీనిని అండర్‌స్టీర్ అంటారు. గాలి బలాలు వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతాయి. కావున వేగం రెట్టింపయినచో ఈ ప్రభావం సుమారు నాలుగు రెట్లవుతుంది.

పరిష్కార మార్గాలు

ద్వారాన్ని పెద్దది చేయుట కంటె గాలి వచ్చిపోయే దారిని సరిచేయుట సాధారణంగా మేలు.

* ద్వారాన్ని రేడియేటరు కంటె చిన్నదిగా ఉంచి, క్రమంగా వెడల్పయ్యే నాళంతో రెండింటినీ కలుపుతారు. నాళంలో గాలి వేగం తగ్గి పీడనం పెరుగుతుంది.
* రేడియేటరు చుట్టూ సందులను మూసివేస్తారు. లేనిచో గాలి పక్కల నుండి తప్పించుకొంటుంది.
* వేడి గాలిని బానెట్ ముందరి భాగంలో, పీడనం తక్కువగా ఉండే చోట, పైకి వదులుతారు. ముందు అద్దం మొదలులో పీడనం ఎక్కువ కనుక అక్కడ రంధ్రాలు చేసినచో గాలి సరిగా బయటకు రాదు.
* చల్లని రోజులలో ద్వారంలో కొంత భాగాన్ని టేపుతో మూస్తారు. ఎంత మూయవలెనో నీరు, ఆయిలు ఉష్ణోగ్రతలను బట్టి నిర్ణయిస్తారు.

చరిత్ర

1970లో పోటీలకు వచ్చిన లోటస్ 72 ఫార్ములా వన్ కారును కోలిన్ చాప్‌మన్, మారిస్ ఫిలిప్ రూపొందించారు. ఇందులో రేడియేటర్లను ముక్కులో గాక డ్రైవరుకు ఇరువైపులా అమర్చారు. దానితో ముక్కును ఉలి మొన వలె పలుచగా చేయుట సాధ్యమైనది. ఈ కారు లోటస్‌కు 1970, 1972, 1973 సంవత్సరాలలో నిర్మాతల ఛాంపియన్‌షిప్‌ను సాధించిపెట్టింది.

బ్రాభమ్ సంస్థ బీటీ46 కారులో గోర్డన్ ముర్రే మామూలు రేడియేటర్లకు బదులు కారు పైపొరపై చదునైన ఉష్ణ వినిమయ ఫలకాలను అమర్చాడు. అవి ఇంజనును తగినంతగా చల్లబరచలేకపోయినవి. 1978లో కారు పోటీలకు వచ్చేసరికి రేడియేటర్లు తిరిగి ముక్కులోనికే చేరినవి. అదే సంవత్సరం జూన్ 17న స్వీడిష్ గ్రాండ్ ప్రిలో దీని రూపాంతరమైన బీటీ46బి పాల్గొన్నది. ఇందులో రేడియేటరును ఇంజనుపై పడుకోబెట్టి, వెనుక పెద్ద పంకాను బిగించారు. పంకా ప్రధానంగా చల్లబరచుటకేనని బ్రాభమ్ వాదించింది. కాని అది కారు అడుగున ఉన్న గాలిని కూడా పీల్చి, కారును నేలకు అదిమింది. నికీ లౌడా ఆ పోటీని గెలిచాడు. ఆ తరువాత ఈ కారు మరే గ్రాండ్ ప్రిలోనూ పాల్గొనలేదు.

ఎత్తు ప్రభావం

మెక్సికో నగరపు రేసు ట్రాక్ సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పలుచన. కావున ఇంజను చల్లబడుట, కారును అదిమే బలం రెండూ ఒకేసారి తగ్గుతాయి. జట్లు నిర్గమ ద్వారాలను పెద్దవి చేసి, అందువలన కలిగే నష్టాన్ని భరించవలసి వస్తుంది.

ఇవి కూడా చూడండి

* రేడియేటరు
* ఫార్ములా వన్
* బెర్నౌలీ సూత్రం